గేజి సరే, పూత ఎంత?

రేకుల బేరం సాధారణంగా గేజి, రేటు దగ్గరే తెగిపోతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట వున్న పాలకాయతిప్పకు వెళ్ళే సరుకుకు ఈ లెక్క చాలదు. అక్కడి ఉప్పు గాలికి ముందుగా తరిగేది ఇనుము కాదు, దానిపైనున్న జింకు.

తడి తగిలినప్పుడు ఇనుము కంటే ముందు జింకు లొంగుతుంది. రేకుపై గీత పడినా, కోసిన అంచు బయటపడినా చుట్టూ వున్న జింకు తాను కరిగి ఇనుమును కాస్తుంది. మామూలు రంగుకు ఈ గుణం లేదు. అంటే పూత ఖర్చయ్యే సరుకు. ఎంత వేస్తే అంత కాలం.

ఆ పూతను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, రెండు వైపులా కలిపి చెబుతారు. 120 గ్రాములంటే వైపుకు సుమారు 8 మైక్రాన్లు. 275 అయితే 19. తీవ్రమైన సముద్రతీర వాతావరణంలో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుందని ఐ.ఎస్.ఓ. 9223 ప్రమాణం సి-5 తరగతి కింద లెక్క కట్టింది. ఆ లెక్కన మొదటిది ఒకటి రెండేళ్ళ సరుకు, రెండవది నాలుగేళ్ళ దాకా రావచ్చు. గేజి ఒకటే అయితే కొట్టులో కంటికి తేడా తెలియదు!

తేడా తెలిసేది చెరువు గట్టున మేత షెడ్డు వేసుకున్న రైతుకు. తుప్పు తరచు మేకు రంధ్రాల దగ్గరే మొదలవుతుంది. 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమలో, గాలివానకు వదులైన రేకు ఏం చేస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. జింకు ధర ఎక్కినప్పుడల్లా పలుచని పూత సరుకుకు మొగ్గు పెరగడం సహజమే. దానిని అమ్మరాదని కాదు, గుడివాడలో ధాన్యం షెడ్డుకు అది సరిపోవచ్చు. కాని మిల్లు సర్టిఫికెట్టులో వుండే గ్రాముల అంకెను బిల్లులో గేజి పక్కన రాయకపోవడం సబబు కాదు.

1972లో అమెరికాలోని బెత్లెహెం స్టీల్ బజారులోకి తెచ్చిన మిశ్రమ పూత మరో దారి. అందులో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, మిగతాది సిలికాన్. ఇది చాలా నెమ్మదిగా తరుగుతుంది. అల్యూమినియం తేలిక గనుక 150 గ్రాములకే వైపుకు 20 మైక్రాన్లు వస్తుంది. అంకె చూసి కొనేవారు బెదరనక్కరలేదు. అయితే కోసిన అంచును ఒట్టి జింకు ఆదుకున్నంతగా ఇది ఆదుకోదు, తడి సిమెంటు తగిలితే పాడవుతుంది. రంగు రేకులు అమ్మేవారు రంగు కింద ఏ పూత వుందో కూడా చెప్పాలి.

ఇక వర్తకుని సొంత నష్టం గోదాములో వుంది. తడిసిన కట్టలను గాలి ఆడకుండా పేర్చితే కొద్ది రోజులలోనే తెల్లతుప్పు పడుతుంది. కట్టల కింద చెక్కలు వేసి, నీరు జారేలా ఒక పక్కకు వాలుగా పెట్టుకోవడం మేలు.