ఎదిగే పిల్లల వెన్ను వంపు



మన ఆలేరు వైపు ఎవరి నడుము వంగినా ముందు నీళ్లనే అంటాము. పాత నల్లగొండ జిల్లాలో బోరునీళ్ల ఫ్లోరైడు ఎందరిని వంచివేసిందో కళ్లారా చూచినవారము గనుక అలా అనుకొనుట సహజమే. అయితే 11, 12 ఏళ్ల ఆడపిల్ల వెన్ను ఒక పక్కకు ఒరిగితే అది వేరే సంగతి. ఫ్లోరైడు వెన్నును బిరుసెక్కించి ముందుకు వంచుతుంది. ఇది పక్కకు మెలిక తిరుగుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, అందుకే ఇంట్లోవారు గమనించరు. డాక్టర్లు దీనిని స్కోలియోసిస్ అంటారు.

నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కొద్దిపాటి వంపు ఉంటుంది. బాగా పెరిగే వంపులు మాత్రం ఎక్కువగా ఆడపిల్లల్లోనే. దీనిలో హార్మోనుల పాత్ర ఉన్నది. పిల్ల పెద్దమనిషి కావడానికి ముందు ఏడాది చప్పున పొడుగవుతుంది. పెరుగుదల హార్మోను, ఈస్ట్రోజెను కలిసి ఆ పని చేయిస్తాయి. ఉన్న వంపు ముదిరేదీ అప్పుడే. తరువాత అదే ఈస్ట్రోజెను ఎముకల చివరలను గట్టిపరచి ఎదుగుదలను ఆపుతుంది. 1959లో ఒక పరిశోధనలో కోడిపిల్లల మెదడులోని పీనియల్ గ్రంథిని తీసివేస్తే వాటి వెన్ను వంకరపోయింది. రాత్రివేళ మెలటోనిన్ అనే హార్మోనును ఇచ్చే గ్రంథి అది. మనుష్యుల్లో మాత్రం అలా రుజువు కాలేదు. కనుక ఎవరైనా హార్మోను మాత్రలతో వెన్ను సరిచేస్తామంటే డబ్బు పోసుకోవద్దు.

స్నానం చేయించేటప్పుడు పిల్లను పాదాలు చేర్చి, మోకాళ్లు వంచకుండా, అరచేతులు జోడించి ముందుకు వంగమనండి. వెనుక నిలబడి చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తే ఎముకల డాక్టరుకు చూపాలి. ఎక్స్‌రేలో వంపు 25 నుండి 40 డిగ్రీల మధ్య ఉండి, ఇంకా ఎదుగుదల మిగిలి ఉంటే బ్రేసు వేస్తారు. 2013లో అమెరికాలో ప్రచురించిన పరిశీలనలో బ్రేసు వాడినవారిలో నూటికి 72 మందికి, వాడనివారిలో 48 మందికి వంపు 50 డిగ్రీలకు చేరలేదు. రోజుకు కనీసం 18 గంటలు వేసుకోమన్నారు. ఎండాకాలంలో అది పిల్లకు శిక్షే, ఒప్పుకుంటాను.

పెళ్లి సంబంధాలు చెడతాయని ఓణీ చాటున దాచేవారున్నారు. సంబంధం కుదిరే వయసుకు ఎముక గట్టిపడిపోతుంది, ఇక బ్రేసు పనిచేయదు. లూకా 13వ అధ్యాయంలోని నడుము వంగిన స్త్రీని ప్రభువు సమాజమందిరంలో అందరి ఎదుటనే పిలిచాడు గదా!

ఆలేరులో రైలెక్కితే సికింద్రాబాదు. గాంధీ ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. పాత ఎక్స్‌రే ఉంటే తప్పక వెంట తీసికొనిపోండి. వంపు పెరిగినదీ లేనిదీ దానితోనే పోల్చి చూస్తారు.