పిట్టల లెక్కతో పాటు కట్టల లెక్కా తీయాలి

మెడలో బైనాక్యులర్ వేసుకుని చెరువుగట్టున నిలబడ్డవాళ్లను చూస్తే కూలి జనానికి నవ్వొస్తుంది. పనీపాటా లేని బాబులు పిట్టలు లెక్కపెట్టుకుంటున్నారనుకుంటాం. ఆ నవ్వులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ నవ్వి ఊరుకుంటే నష్టపోయేది మనమే.

1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. నేడది డెక్కన్ బర్డర్స్ పేరుతో సాగుతోంది. ఇలాంటి సంఘాలవాళ్లు జీతం బత్తెం లేకుండా సెలవు రోజుల్లో చెరువులూ అడవులూ తిరిగి, ఏ పిట్ట ఎక్కడ ఎన్ని ఉన్నదీ రాసిపెడతారు. 1987 నుంచి ఆసియాలోని అనేక దేశాల్లో జనవరి నెలలో నీటిపక్షుల లెక్క తీస్తున్నారు. ఒకచోట ఏటేటా పిట్టలు తగ్గుతున్నాయంటే అక్కడ నీరో, మేతో చెడుతున్నట్లే. ఆ నీళ్లు తాగేదీ, ఆ చేపలు పట్టుకుని బతికేదీ పేదలే.

కొల్లేరునే చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సు వలలు, మావులతో బతికే జాలర్లకూ, లంక గ్రామాల కూలీలకూ అన్నం పెట్టింది. 1976 ప్రాంతంలో ప్రభుత్వం సహకార సంఘాల పేరిట చేపల చెరువులు తవ్వించింది. కాగితం మీద పేరు పేదవాడిది. పోనుపోను కౌళ్ల మీద పెత్తనం పెట్టుబడిదారుల చేతికి పోయింది. సరస్సు నిండా కట్టలు లేచాయి. పురుగుమందులు, ఎరువులు, మురుగు అన్నీ వచ్చి అందులోనే పడ్డాయి. 1999లో +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో కట్టలు పేల్చారు. చెరువుల మీద ఆధారపడ్డ చిన్నవాళ్ల బతుకులూ దాంతోపాటే కూలాయి. ఆ తర్వాత మళ్లీ చెరువులు లేచాయి. మళ్లీ తవ్వించే స్తోమత కూలివాడికి ఉందా? గూడబాతులు చూస్తే ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టుకుంటున్నాయి.

పిట్టల కోసం పేదల్ని వెళ్లగొట్టారని పెద్దలు మనకు చెబుతారు. పేదల కోసమే చెరువులని కోర్టులకు చెబుతారు. రెండు మాటలూ వాళ్ల లాభం కోసమే. పిట్టకు వల పెట్టిన పేదవాడి మీద 1972 చట్టం పడుతుంది, మంచిదే. సరస్సుకే కట్టవేసినవాడి మీద అంత చురుగ్గా ఎందుకు పడదు?

కాబట్టి పక్షి పరిశీలకులకు మా మాట ఒకటే. మీరు మంచి పని చేస్తున్నారు. దాన్ని గట్టు మీదే వదిలేయకండి. లంక గ్రామాల్లోకి రండి. జాలరికి తెలిసిన పిట్టల సంగతులు మీ పుస్తకాల్లోకి ఎక్కాలి, మీ లెక్కలు అతని చేతికి అందాలి. పిట్టలతో పాటు అక్రమ కట్టలూ లెక్కపెట్టండి. సర్వే నంబరుతో సహా రాయండి. అభయారణ్యంలో కాపలా, కలుపు ఏరివేత వంటి పనులు స్థానిక కూలీలకే, చట్టప్రకారం కూలీరేట్లతో ఇవ్వాలని మాతో కలిసి అడగండి.

కూలీ సంఘాల కార్యకర్తలు కూడా ఈ పనికి పూనుకోవాలి. వచ్చే జనవరిలో లెక్క తీసేవాళ్లు వస్తే మన కుర్రాళ్లను వెంట పంపుదాం, దోనె మనమే నడుపుదాం. మందు కొట్టిన చేలో కొంగ పడిపోయిందంటే, ఆ మందు పీల్చిన కూలివాడికీ ముప్పే. పిట్ట బతకాలి, పేదవాడూ బతకాలి. ఇద్దరికీ కావలసింది కట్టలు లేని కొల్లేరే.