రేకుల ఇళ్లకూ చల్లటి కప్పు కావాలి

హైదరాబాద్ ప్రజలారా!

ఎండాకాలం రాత్రి పదకొండింటికి బస్తీలో ఒక రేకుల ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంకా వేడిగానే ఉంటుంది. ఫ్యాను వేస్తే రేకు కింది వేడంతా మీద పడుతుంది. మొహం కడుక్కుందామంటే ట్యాంకు నీళ్లూ వేడే.

ఈ వేడిలో కొంత మన చేతుల్లోంచి వచ్చిందే. చెరువులు పూడ్చాం, చెట్లు కొట్టాం. పగలంతా ఎండను తాగిన సిమెంటు, తారు రాత్రి దాన్ని వదులుతుంటాయి. దానికి తోడు ఏసీలు లోపలి వేడిని తెచ్చి గల్లీలో పోస్తాయి. పగలు కూలి చేసి వచ్చిన ఒళ్లు రాత్రయినా చల్లబడకపోతే మర్నాటి ఎండకు ఏం తట్టుకుంటుంది? 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూతో, పెంకులో, పొరో కప్పు మీద ఉండాలన్నది. మంచి పని. అయితే ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకే అది తప్పనిసరి. చిన్న ఇళ్లవాళ్లకు మీ ఇష్టమన్నారు. పెద్ద ఇంటివాళ్లకు ఏసీ ఉంది. అరవై గజాల్లో రేకుల కింద ఉన్నవాళ్లకు ఏముంది?

ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకు మన ఊళ్లోనే జవాబుంది. 2017లో దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది.

ఎవరి పూత వాళ్లే వేసుకోమనడం న్యాయం కాదు. అద్దెకుండేవాళ్లు ఓనరును అడగలేరు. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెడితే పగులుతుంది, చెక్క పలక వేసుకుని ఎక్కాలి. పాత రేకును గీకితే అందులోని ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది పని తెలిసినవాళ్లు చేయాల్సింది.

అందుకే నగరపాలక సంస్థను డిమాండ్ చేస్తున్నాం: బస్తీల్లోని రేకుల ఇళ్లన్నిటికీ ప్రభుత్వ ఖర్చుతో, మార్చి రాకముందే పూత వేయించాలి. దుమ్ము పట్టి తెలుపు తగ్గితే మళ్లీ వేయించాలి. ఆ పని బస్తీ యువకులకే నేర్పి, కూలి ఇచ్చి చేయించాలి.

మీ గల్లీలో రేకుల ఇళ్లెన్ని ఉన్నాయో లెక్క రాయండి. పసిపిల్లలు, ముసలివాళ్లు, బాలింతలు ఉన్న ఇళ్లను ముందు పెట్టండి. అందరూ సంతకాలు చేసి ఆ కాగితాన్ని వార్డు ఆఫీసులో ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోకుండా రావద్దు.