నూట యాభై కుట్లు ఎవరికి కావాలి?

కుట్టు మిషన్ కొనాలనుకునే మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. దాన్ని కూడా ఫోన్ కొన్నట్టే కొంటారు. మూడు నాలుగు మోడళ్ళు తెరిచి పక్కపక్కన పెట్టుకుని, దీంట్లో ఎన్ని కుట్లు, దాంట్లో ఎన్ని కుట్లు అని లెక్కేసి, ఎక్కువున్నది బుట్టలో వేసేస్తారు. 2020 లాక్‌డౌన్‌లో మా టీములోనే నలుగురు ఇలా కొన్నారు. ఇప్పుడు అందులో మూడింటి మీద మడతపెట్టని బట్టలు గుట్టగా పడుంటున్నాయని విశ్వసనీయ సమాచారం :)

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదినించీ నా కుర్తాలు నేనే కుట్టుకుంటున్నాను. కళాపోషణా కాదు, పొదుపూ కాదు. జేబులు! కొన్న కుర్తాకి జేబుండదు, ఉంటే అందులో ఫోన్ పట్టదు. టైలర్‌ని అడిగితే "షేపు పోతుందమ్మా" అంటాడు. నా షేపు సంగతి నేను చూసుకుంటానులే అనుకుని మొదలెట్టిన పని ఇది. ఆఫీసులో ఈ సంగతి తెలిసినప్పట్నించీ "ఏ మిషన్ కొనమంటావ్?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ప్రతివాళ్ళకీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ కంపెనీ నాకు పైసా ఇవ్వలేదని కూడా మనవి.

మనం ఆఫీసులో పొద్దస్తమానం క్లయింటుని అడిగే ప్రశ్నే ఇక్కడా అడగాలి. నీకసలు ఏం కావాలి? జాకెట్టు, కుర్తా, లంగా, పిల్లల గౌను, దిండు గలీబు, కర్టెన్.. వీటిల్లో ఏది తీసుకున్నా పనంతా దాదాపు తిన్నటి కుట్టే. అంచు దారాలు ఊడిపోకుండా జిగ్‌జాగ్. టీషర్టు లాంటి సాగే బట్టకి కూడా జిగ్‌జాగే, ఎందుకంటే తిన్నటి కుట్టు వేస్తే బట్ట సాగినప్పుడు దారం పుటుక్కున తెగుతుంది. చొక్కాలు కుడితే కాజాలు. అంతే, మహా అయితే నాలుగు. మిగతా నూట నలభై ఆరూ బాతులు, ఆకులు, హృదయాలు. కొన్న మొదటి ఆదివారం ఒక పాత గుడ్డ మీద వరసగా అన్నీ కుట్టి, ఫోటో తీసి, మళ్ళీ జన్మలో వాటి జోలికి వెళ్ళరు.

ఇంకో మాయ కూడా ఉంది. డబ్బా మీద "ఇన్ని కుట్లు" అని ఒక అంకె, "ఇన్ని పనులు" అని దానికంటే పెద్ద అంకె వేస్తారు. ఆ పెద్ద అంకెలో గుండీ కుట్టడం, జిప్పు వేయడం, అంచు మడవడం కూడా ఒక్కొక్కటిగా లెక్కలోకి వస్తాయి. ఉన్న కుట్టుతోనే పాదం మార్చి చేసే పనులవి. రెజ్యూమేలో ఎమ్మెస్ వర్డ్ కూడా స్కిల్ కింద రాసుకునే మనం దీన్ని ఇట్టే పసిగట్టాలి కదా!

అసలు ఈ తిన్నటి కుట్టు ఎంత పాతదో తెలుసా? సూది మొన దగ్గర కన్ను, పైనొక దారం, కిందొక దారం, రెండూ బట్ట మధ్యలో మెలిక పడటం.. అమెరికాలో ఇలియాస్ హోవే దీనికి పేటెంటు తీసుకున్నది 1846లో. ఐజాక్ సింగర్ పేటెంటు 1851ది, తర్వాత హోవేకి ఆయన రాయల్టీ కట్టాల్సొచ్చింది. యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మా ప్రాజెక్టులో ఐదేళ్ళ కిందటి కోడ్‌నే ఎవరూ ముట్టుకోడానికి ఇష్టపడరు. నూట ఎనభై ఏళ్ళ కిందటి డిజైన్ మీద ఈరోజుకీ మన జాకెట్లు కుడుతున్నారు, జేజేలు కొట్టాలా వద్దా?

కొత్త మిషన్లు పనికిరావని కాదు. ఒక తేడా మాత్రం అమ్మేవాళ్ళు చెప్పరు. నల్లటి పాతకాలం మిషన్‌లో సూది దిగే చోట చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది పక్కలకి ఊగాలి కాబట్టి ఆ రంధ్రం అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. జార్జెట్టు, షిఫాన్ లాంటి పల్చటి బట్ట పెడితే సూదితో పాటు గుడ్డ కూడా ఆ కంతలోకి దిగబడిపోతుంది. మొదటి అంగుళంలోనే మిషన్ బట్టని మింగేసిందని గోలపెట్టేది ఇందుకే. విరుగుడు ఉంది. సూదిని ఎడమవైపుకి జరిపే వీలుంటే జరపండి, అప్పుడు ఒక పక్కనైనా రేకు ఆసరా దొరుకుతుంది. కుట్టడం మొదలెట్టేటప్పుడు రెండు దారాల కొసల్నీ వెనక్కి పట్టుకోండి. అప్పటికీ కాకపోతే కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. కేవలం తిన్నటి కుట్టు వేసే మిషన్ మీద నీటుగా వచ్చినంత కుట్టు, దానికి రెండింతల ఖరీదు పెట్టిన జిగ్‌జాగ్ మిషన్ మీద రాకపోవచ్చన్నమాట.

మరి చూడాల్సినవేంటి? కుట్టు పొడవు మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకునే వీలుండాలి. మామూలు కుట్టుకి రెండున్నర మిల్లీమీటర్లు, కుచ్చులు లాగడానికి నాలుగు. పెడల్ నెమ్మదిగా తొక్కితే నెమ్మదిగా నడవాలి, ఇది షాపులో కూర్చుని తొక్కి చూడందే తెలీదు. చేతుల అంచులు, ప్యాంటు కాళ్ళు తొడిగి కుట్టడానికి కింద సన్నటి చెయ్యి ఉండాలి. పాదాలు, బాబిన్లు బయట బజార్లో దొరికే రకం అయ్యుండాలి. అన్నిటికంటే ముఖ్యం, మీ ఊళ్ళో దాన్ని విప్పి బాగుచేసే మనిషి ఉండాలి. నేనైతే మొదటిసారి కొనేవాళ్ళకి ఏడెనిమిది కుట్లుండే మామూలు జిగ్‌జాగ్ మిషన్ చాలంటాను. లేదా చుట్టాల ఇంట్లో మూలపడున్న పాత ఉషాకో, మెరిట్‌కో మోటారు బిగించుకోమంటాను. మా వదిన లాంటి వాళ్ళు చీరకి పికో ఇంట్లోనే చేసుకోవచ్చని కొంటారు. అంచు చుట్టే పాదం వేసి జిగ్‌జాగ్ పెడితే చేయచ్చు, కానీ అయిదున్నర మీటర్ల చీర దాకా రావాలంటే వేళ్ళకి అలవాటు కావాలి. మొదటి ప్రయోగం పట్టుచీర మీద మాత్రం వద్దు బాబూ. ఓవర్‌లాక్ కూడా అంతే. ఇంటి మిషన్‌లో ఆ పేరుతో ఉండే కుట్టు అంచుని చుడుతుందే గానీ కత్తిరించదు. మూడు నాలుగు దారాలతో, కత్తితో చేసే అసలు ఓవర్‌లాక్ మిషన్ వేరు. రెండు వేల లోపు ఆన్‌లైన్లో కనిపించే అరచేతి మిషన్ల గురించి ఒక్క ముక్క: బొమ్మ కావాలంటే కొనండి.

ఇప్పుడు ఈ టపా రాయడానికి అసలు కారణం. మొదటి హైక్ రాగానే అమ్మకి సర్‌ప్రైజ్ గిఫ్టుగా కంప్యూటర్ మిషన్ కొనిచ్చేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ప్రేమ కాదనను. కానీ ఆ అమ్మ ఇరవై ఐదేళ్ళుగా కాలి మిషన్ మీద చుట్టుపక్కల నాలుగు వీధులకి జాకెట్లు కుట్టి మీ ఫీజులు కట్టిన మనిషైతే, కొనేముందు ఒక్కసారి ఆవిణ్ణి అడగండి. ఆవిడ కాళ్ళకి ఆ పలక తెలుసు. మెడ వంపు దగ్గర ఎన్ని కుట్లకి ఆపాలో ఆ పాదం చెబుతుంది, చెయ్యి చక్రం మీద పడి సూది సరిగ్గా గుడ్డలో ఆగుతుంది. దాని స్థానంలో బటన్లూ, తెరా, ఇంగ్లీషు మాన్యువలూ తెచ్చిపెడితే ఆవిడ పైకి నవ్వి "ఎందుకురా ఇంత ఖర్చు" అంటుంది. లోపల మాత్రం తన పనితనం మీద తనకే అనుమానం మొదలవుతుంది. మా పెద్దమ్మ విషయంలో ఇది కళ్ళారా చూశాను. నలభై రోజులు కొత్త మిషన్‌తో కుస్తీ పట్టి, పెళ్ళిళ్ళ సీజన్ రాగానే పాతదాని మీదకి వెళ్ళిపోయింది. కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా "బాగా నడుస్తోంది నాన్నా" అని అబద్ధం.

పైగా ఆ తేలికపాటి మిషన్లు ఇంటి వాడకానికని చేసినవి. రోజుకి ఆరేడు జాకెట్లు, పట్టు మీద లైనింగు, జరీ అంచు మడతలు అంటే వాటికి భారమే. చాలా కంపెనీలు వారంటీ కాగితంలోనే వ్యాపారానికి వాడితే వర్తించదని రాసుకుంటాయి. ఆదాయం కోసం కుట్టే మనిషికి ఇవ్వాలనుంటే ఉన్న మిషన్‌కే మంచి మోటారు పెట్టించండి, కాళ్ళ నొప్పులు తగ్గుతాయి, చెయ్యి అలవాటు పోదు. గిరాకీ బాగా ఉంటే టైలర్లు జూకీ మిషన్ అనే పవర్ మిషన్ కొనండి, సర్వో మోటారుతో. ఇంటి మిషన్ నిమిషానికి ఏడెనిమిది వందల కుట్లు వేస్తే ఇది నాలుగైదు వేలు వేయగలదు. దీంట్లోనూ ఉండేది ఒకటే, తిన్నటి కుట్టు! 2024లో తెలంగాణలో మహిళా సంఘాలకి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని ఇచ్చినప్పుడు కూడా ఆడవాళ్ళకి కావాల్సొచ్చింది బాతు బొమ్మలు కాదు, సాయంత్రానికి ఇన్ని జతలు తెమలడం.

సరే, కొన్నాక వచ్చే మొదటి తలనొప్పి. పైన కుట్టు బాగుంటుంది, తిరగేస్తే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా చిక్కు. అందరూ చేసే పని, కింద చిక్కుంది కాబట్టి బాబిన్‌ది తప్పని బాబిన్ కేస్ స్క్రూ తిప్పడం. మనవాళ్ళు లాగ్ చదవకుండా కోడ్ మార్చినట్టే. కింద ఉచ్చులొచ్చాయంటే మామూలుగా తప్పు పైదారానిది. అది టెన్షన్ బిళ్ళల మధ్య సరిగ్గా కూర్చోలేదు. దారం ఎక్కించేటప్పుడు పాదం పైకెత్తి ఉంచాలి, అప్పుడే ఆ బిళ్ళలు తెరుచుకుంటాయి. పాదం దించి ఎక్కిస్తే దారం వాటి అంచు మీద వేలాడుతుంది. కాబట్టి మొత్తం దారం తీసేసి, పాదం ఎత్తి, మళ్ళీ ఎక్కించండి. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. అప్పటికీ పోకపోతే సూది మార్చండి. సూదికి ఒకవైపు చదునుగా ఉంటుంది, అది మీ మిషన్ చెప్పిన దిక్కుకే ఉండాలి. ఆ తర్వాతే బాబిన్ వంక చూడండి. ఇనప బాబిన్ కేస్ అయితే దారం కొస పట్టుకుని వేలాడదీయండి. దానంతటదే జరజరా దిగకూడదు, చిన్నగా కుదిపితే ఒక అంగుళం దిగి ఆగాలి. స్క్రూ తిప్పాల్సొస్తే పావు చుట్టు కూడా ఎక్కువే.

సూది గురించి మనవాళ్ళకి మరీ చిన్నచూపు. ముప్ఫై వేల మిషన్ కొని, పది రూపాయల సూదిని విరిగేదాకా వాడతారు. ఎనిమిది పదిగంటల కుట్టుకి ఒకసారి మార్చడం మంచిది. పల్చటి పట్టుకి, షిఫాన్‌కి 9 లేదా 11, మామూలు కాటన్‌కి 14, జీన్స్‌కి 16 పైన. టీషర్టు బట్టకి మొన గుండ్రంగా ఉండే సూది వేరే దొరుకుతుంది. "సూది ఊరికే విరుగుతోంది" అనేవాళ్ళని గమనించండి, బట్టని వెనకనించి లాగుతూ ఉంటారు. బట్టని నడిపించే పళ్ళు కిందున్నాయి కదండీ, మనం దారి చూపిస్తే చాలు. లాగితే సూది వంగి రేకుకి కొట్టుకుంటుంది. బరువైన జరీ మడత వచ్చిందా, పెడల్ వదిలేసి చేత్తో చక్రం తిప్పుకోండి.

కత్తిరించే ముందు లైనింగు బట్టని నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయండి, లేకపోతే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది. పక్క కుట్ల దగ్గర ఒక అంగుళం గుడ్డ వదలండి, రెండు మూడు వరసలు వేసి పెట్టుకుంటే రేపు ఒళ్ళొచ్చినా ఒక వరస విప్పుకోవచ్చు (వర్క్ ఫ్రం హోం బాధితులు గమనించగలరు). ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ పెట్టడం బద్ధకమే, కానీ ఇంట్లో కుట్టినదానికీ షాపులో కుట్టినదానికీ తేడా ఎక్కువగా అక్కడే కనపడుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకో మాట. అక్కడ కొన్న మిషన్ 120 వోల్టులది. ఇండియా వస్తూ అత్తగారికని తెచ్చి నేరుగా ప్లగ్గులో పెడితే మన 230 దెబ్బకి దాని పని అయిపోతుంది. ఇక్కణ్ణించి అటు పట్టుకెళ్ళినా ట్రాన్స్‌ఫార్మర్ కావాల్సిందే. చేతి మిషన్‌కి మాత్రం ఏ దేశమైనా ఒకటే :)

ఇక డబ్బు ఆదా అవుతుందని కొంటామంటారా, అవదు. లైనింగు, దారాలు, హుక్కులు, పాడైన రెండు మీటర్లు, పోయిన రెండు ఆదివారాలు అన్నీ కలిపి చూస్తే టైలర్‌కిచ్చేదే చౌక. నాకు లైనింగ్ జాకెట్టు ఇప్పటికీ ఐదు గంటలు పడుతుంది. ఐదు గంటలకి నా జీతం లెక్కన ఎంతవుతుందో, మా వీధి చివరావిడ అదే పనికి ఎంత తీసుకుంటుందో ఒకసారి పక్కపక్కన వేసి చూశాను. అప్పట్నించీ ఆవిడ దగ్గర యాభై తగ్గించమని అడగడానికి నోరు రావట్లేదు. మా అమ్మ మాత్రం నా పక్కనే నిలబడి అడుగుతూనే ఉంటుంది, అది వేరే సంగతి.

ఆఖరుగా, అమ్మమ్మ వాళ్ళింట్లో అటక మీద నల్ల మిషన్ బిగుసుకుపోయి ఉంటే పాత ఇనప సామానువాడికి వేయకండి. చాలా ఇళ్ళలో అలా బిగుసుకునేది తుప్పుతో కాదు, ఎవరో కొబ్బరినూనె పోయడం వల్ల. అది ఆరి బంకలా అంటుకుపోతుంది. కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా వేసి ఒక రాత్రి వదిలేయండి, పొద్దున్న చక్రం మెల్లగా అటూ ఇటూ కదపండి, వదులయ్యాక ఆ మురికంతా గుడ్డతో తుడిచి మిషన్ ఆయిలు వేయండి. తోలు బెల్టు సాగిపోయి ఉంటుంది, కొత్తది కొనేదాకా ఒక అరంగుళం కత్తిరించి ఆ ఇనప కొక్కెమే మళ్ళీ తగిలిస్తే సరిపోతుంది.