ఊరికే తిరిగే హక్కు

ఈ మధ్య పట్నం కుర్రకారుకి కొత్త సరదా పట్టుకుంది. మోటారు సైకిలు తీసుకుని, హైవే వదిలేసి, ఒంటరిగా డొంకదారుల్లో, కాలవగట్ల మీద, పల్లెటూళ్ల మీదుగా తీరిగ్గా తిరిగి రావడం. తొందర లేదు. ఫలానా ఊరు చేరాలన్న లెక్క లేదు. ఆకలేసిన చోట తింటారు, చీకటి పడ్డ చోట పడుకుంటారు. పల్లె జనం ఎంత మంచోళ్లో, అడగ్గానే మంచినీళ్లిచ్చారనీ, అరుగు మీద చోటిచ్చారనీ తిరిగొచ్చి రాస్తున్నారు.

దీన్ని వెక్కిరించడానికి మేము కలం పట్టలేదు. పనీ పాటా లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా నాలుగు రోజులు తిరగాలనుకోవడం తప్పు కాదు. మాకూ తిరగాలనే ఉంది. మేము అడిగేది ఒక్కటే. ఆ మంచినీళ్లు ఇచ్చే ముందు 'మీరేవిట్లు?' అని వాళ్లని ఎవరన్నా అడిగారా? అడిగితే ఏం చెప్పారు?

ఈ దారులు మాకు కొత్తవి కావు. పత్రిక కట్టలు వెనక కట్టుకుని సైకిళ్ల మీద ఏళ్ల తరబడి వీటిల్లోనే తిరిగాం. కానీ ఏనాడూ తీరిగ్గా తిరగలేదు. పొద్దుగూకేలోపు మన వాడకి చేరాలి. ఊరి మధ్యలో టీకొట్టు దగ్గర ఆగాలంటే గ్లాసులు ఎన్ని రకాలున్నాయో ముందు చూసుకోవాలి. రచ్చబండ దగ్గర ఆగితే ప్రశ్నలు వరసగా వస్తాయి. ఏ ఊరు బాబూ? ఎవరింటికి? ఇంటిపేరేంటి? మీ నాన్న ఏం చేస్తాడు? అడిగేవి నాలుగు, తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఊరిపేరు చెబితే చాలదు, ఊళ్లో ఏ పక్కో చెప్పాలి. చెప్పాక 'బాబూ' కాస్తా 'ఏరా' అయ్యేది. ఇప్పుడు 'ఏరా' అనడం కొంత తగ్గింది. మాట తగ్గించి, కూర్చోమన్న మంచం లోపలికి తీసుకుపోతున్నారు.

తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునేది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి 1831లో తిరిగొచ్చాడు. పల్లకీ, దాన్ని మోసే బోయీలు, వెంట పెద్ద పరివారం. విలువైన పుస్తకమే, కాదనం. కానీ మోసినవాళ్లూ అవే దారుల్లో నడిచారు కదా, వాళ్ల యాత్రాచరిత్ర ఏది?

మన యాత్రాచరిత్ర బాబాసాహెబ్ రాశారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో 1990లో అచ్చయింది. 1901లో పిల్లలు కొత్తబట్టలు వేసుకుని, గోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి సంబరంగా బయల్దేరారు. మసూరు స్టేషన్‌లో దిగారు. మహర్ పిల్లలని తెలియగానే స్టేషన్ మాస్టరు మొహం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాళ్లు రాలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, పిల్లలే బండి తోలాలి, తను పక్కన నడుస్తానన్నాడు. అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు. టోలు వసూలు చేసేవాడి దగ్గర మేం ముస్లిములం అని అబద్ధమాడినా నీళ్లు పుట్టలేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఆ దారి నేర్పిన పాఠం అది.

పెద్ద చదువులు చదివొచ్చాక మారిందా? 1929లో ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా తిరుగుతూ చాలిస్‌గావ్‌లో ఆగారు. టాంగావాళ్లు అంటరానివాణ్ణి ఎక్కించుకోమన్నారు. మనవాళ్లు బండి మాత్రం అద్దెకు తీసుకుని, తోలడం రానివాణ్ణి కూర్చోబెట్టారు. కల్వర్టు మీద బండి కుదిపితే బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. 1934లో ఉద్యమ మిత్రులతో బస్సులో దౌలతాబాద్ కోట చూడ్డానికి వెళ్లారు. అది అచ్చంగా సరదా ప్రయాణమే. చెరువులో మొహాలు కడుక్కున్నందుకు గొడవ. కోటలోకి పంపుతూ, నీళ్లు ముట్టుకోకుండా చూడమని వెంట సిపాయిని పెట్టారు.

దారి కోసమే పోరాటాలు జరిగాయి. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి కొని, మనవాళ్లు నడవకూడని రోడ్డు మీద దర్జాగా తోలుకుంటూ పోయాడు. ఎక్కడికో చేరడానికి కాదు, ఆ రోడ్డు మీద పోవడానికే పోయాడు. 1924లో వైకోం సత్యాగ్రహం గుడిలోకి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి.

అమెరికాలోనూ ఇంతే. విలియం లీస్ట్ హీట్-మూన్ అనే రచయిత ఉద్యోగం పోయాక 1978లో వ్యానులో ఒంటరిగా చిన్నదారులు పట్టుకుని దేశం చుట్టొచ్చాడు. పాత పటాల్లో ఆ చిన్నదారులకు నీలిరంగు వేసేవాళ్లట, అందుకే 1982లో వచ్చిన ఆ పుస్తకానికి 'బ్లూ హైవేస్' అని పేరు పెట్టాడు. అదే దేశంలో 1936లో విక్టర్ గ్రీన్ అనే నల్లజాతి పోస్టుమాన్ ఇంకో పుస్తకం మొదలుపెట్టాడు. నల్లవాళ్లకి ఏ ఊళ్లో గది ఇస్తారు, ఎక్కడ తిండి పెడతారు, ఎక్కడ పెట్రోలు పోస్తారు అన్న జాబితా అది. 'గ్రీన్ బుక్' అన్నారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక గానీ దాని అవసరం తగ్గలేదు. ఒకరు దారి తప్పడం కోసం ప్రయాణం చేస్తే, ఇంకొకరికి దారి తప్పితే ప్రాణమే పోతుంది.

మన కాగితాల మీద లోటేమీ లేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులతో పాటు రోడ్ల పేరు కూడా రాసింది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలాల్లో మనవాళ్లని సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్తబట్టలు కట్టుకోకుండా అడ్డుకోవడం నేరమని అందులో విడిగా రాశారు. 2015లో కూడా ఆ మాట చట్టంలో రాయాల్సి వచ్చిందంటే దేశం ఎట్లా ఉందో వేరే చెప్పాలా?

'ఇప్పుడు కులం ఎవరడుగుతున్నారండీ' అనే పెద్దమనుషులున్నారు. నిజమే, హైవే అడగదు. ఆనాటి టోలువాడు నీళ్లివ్వలేదు, ఈనాటి టోలుగేటు కులం అడక్కుండానే డబ్బులు లాగేస్తుంది. ధాబాలో అందరికీ ఒకటే గ్లాసు. అందుకే మనం హైవే ఎక్కాం. వాళ్లు మనుషుల్ని వెతుక్కుంటూ హైవే దిగుతున్నారు. మనం మనుషుల్ని తప్పించుకోవడానికి హైవే ఎక్కాం. తేడా ఇదే. పల్లెను పొగిడే మేధావుల్ని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరికే తప్పుపట్టలేదు.

పచ్చటి కాలవగట్లు చూసి మురిసిపోయేవాళ్లకి ఒక దారి చెబుతాం. చీరాల విజయనగర్ కాలనీ దగ్గర మొదలుపెట్టండి. అది 1985 జులై 17 తర్వాత కారంచేడు వదిలొచ్చిన బాధితులు నిలబెట్టుకున్న కాలనీ. అక్కణ్ణించి పొలాల మధ్యగా మెల్లగా చుండూరు పోయి రక్తక్షేత్రం దగ్గర ఆగండి. 1991 ఆగస్టు 6న చంపిన మనవాళ్ల శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ గట్టు మీద కూడా చల్లటి గాలే వీస్తుంది. ఆ గాలితో పాటు ఇది కూడా తెలుసుకుని రాయండి.

ఇక మన ఆడపిల్లల సంగతి. ఒంటరిగా తిరిగే ఆడమనిషిని ఊరు అనుమానంగా చూస్తుంది. ఆమె మాదిగ పిల్లో మాల పిల్లో అయితే అనుమానంతో ఆగదు. మన వాడలో మగాళ్లు కూడా 'నీకెందుకమ్మా తిరుగుళ్లు' అంటున్నారు. ఆ మాట మానుకోవాల్సింది ముందు మనమే.

అట్లాగని ఇంట్లో కూర్చోమని మేము చెప్పం. కూలికీ, వలసకీ, కోర్టుకీ, ఆసుపత్రికీ మాత్రమే దారి ఎక్కడం మనకి రాసిపెట్టిన రాత కాదు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, బండి ఉంటే బండి, సైకిలుంటే సైకిలు తీయండి. ఏ పనీ పెట్టుకోకుండా వెళ్లండి. అడిగితే మన ఊళ్లో మన వాడ పేరే చెప్పండి, అబద్ధమాడొద్దు. గ్లాసు వేరుగా పెడితే తేదీ, ఊరు, కొట్టు రాసుకొచ్చి సంఘానికి ఇవ్వండి. కేసు పెడదాం. ప్రతి వాడలో బాబాసాహెబ్ బొమ్మ దగ్గర ఒక కుండ నీళ్లు, ఒక మంచం దారిన పోయేవాళ్ల కోసం ఉంచుదాం. ఏ కులం వాళ్లొచ్చినా ఇద్దాం, మీరేవిట్లు అని మాత్రం అడగొద్దు.

గ్రీన్ తన పుస్తకం అక్కర్లేని రోజు రావాలని కోరుకున్నాడు. మనమూ అదే కోరుకుందాం. మనవాడు ఊరికే ఒక ఊరు వెళ్లి, ఊరికే తిరిగొచ్చి, చెప్పుకోవడానికి విశేషమేమీ లేదన్న రోజు ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని మేము కూడా రాస్తాం.

జై భీమ్.