చెట్టు మీది సాలీడుకు జనగామ మన్నెందుకు?



డల్లాస్‌లో ఉన్న నా మనుమడు ఒక గాజుపెట్టెలో గుత్తి సాలీడును పెంచుతున్నాడు. అడవిలో పట్టింది కాదు, అక్కడి పెంపకందార్ల వద్దనే పుట్టిన పిల్ల. నీలమణి వన్నె, కాళ్లపై పసుపు మచ్చలు. మొన్న ఫోనులో, "తాతా, ఇది మన తెలుగు సాలీడే గద! దీని కింద పరచనీకి మన జనగామ మన్ను జరంత పంపియ్యవా?" అని అడిగాడు. "వద్దు బిడ్డా" అన్నాను. ఈ సంగతి విన్న మిత్రులొకరు, తెలుగు పండితుడవై ఉండి పుట్టిన నేలనే కాదంటావా అని నన్ను నిలదీశారు. ఈ టపా ఆయనకు నా సమాధానం.

మొదట ఆ "పుట్టిన నేల" సంగతే చూద్దాం. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ జాతిని లోకానికి పరిచయం చేశాడు. ఆయనకు ఆధారమైన ఒకే ఒక్క సాలీడు గుత్తి రైల్వే కలప అడితిలో దొరికింది. ఆ పేరే దానికి స్థిరపడింది. తరువాత నూరేళ్లకు పైగా దాని జాడ లేదు. 2001లో మరల కనబడింది గుత్తిలో కాదు, నంద్యాల-గిద్దలూరుల నడుమ ఉన్న అడవిలో. అంటే గుత్తి దాని ఊరు కాదు. కలప వెంట వచ్చి దిగిన స్టేషను మాత్రమే అయి ఉండాలి. గుత్తి మన్నే దానికి స్వంతం కానప్పుడు జనగామ మన్ను ఏ వరుసన చుట్టమవుతుంది?

రెండవ మాట. అది నేలపై బతికే ప్రాణి కాదు. ముదురు చెట్ల తొర్రలలో కాపురముంటుంది. కనుక దానికి పెట్టె పొడుగ్గా ఉండాలి, అందులో నిలువుగా ఒక బోలు బెరడు ఉండాలి. సబ్‌స్ట్రేట్ అని ఆంగ్లంలో పిలిచే పదార్థాన్ని నేను "అడుగుపరుపు" అంటాను. దాని పని మూడు విధాలు: తేమను పట్టి మెల్లగా వదలడం, జారిపడితే దెబ్బ తగలనీయకపోవడం, దారాలకు పట్టునివ్వడం. సాలీడు కడుపు నీటితిత్తి వంటిది. గట్టి నేలపై పడితే పగులుతుంది, పగిలితే ప్రాణం పోతుంది. అందం కోసం రంగురాళ్లు పరచేవారు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు.

ఇక మన మన్నుల యోగ్యత. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు చోట్లా పాఠాలు చెప్పినవాణ్ణి. 2016 దాకా ఈ మూడూ వరంగల్లు జిల్లావే. మూడు నేలల దుమ్మూ నా చెప్పులకు అంటింది. జనగామ చలక నేల తడిస్తే మెత్తన, ఎండితే ఇటుక. పైనుంచి పడే ప్రాణి కింద ఇటుక పరుస్తామా? మానుకోట మిరపచేల మన్నులో పురుగుమందు ఉంటుంది. సాలీడుకూ పురుగుకూ తేడా ఆ మందుకేం తెలుసు? భూపాలపల్లి అడవి మన్నులో నల్లులు, బూజులు, చీమల గుడ్లు ఉంటాయి. పైగా రిజర్వు అడవిలో మన్ను తవ్వడం నేరం. పరదేశపు మన్నును అనుమతి లేకుండా అమెరికా కూడా లోపలికి రానివ్వదు. మమకారాన్ని పొట్లం కట్టి పంపితే కస్టమ్స్ వారు చెత్తబుట్టలో వేస్తారు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకుంటాను. బొరియ తవ్వుకొనే జాతులకు బంకమన్ను కలిపిన లోతైన పరుపు అవసరమే. కాని అదైనా మందు తగలని మన్ను కావాలి. ఇది వేరే జాతి, దీని అవసరం వేరు.

మరి మనుమడికి ఏం చెప్పాను? కొబ్బరిపొట్టు వాడమన్నాను. కడియం నర్సరీలలో మొక్కలకు వేసేది అదే. ఉప్పు పోయేలా బాగా కడిగి, పిండి, నాలుగు వేళ్ల మందం పరచమన్నాను. ఒక మూల మాత్రమే తడపాలి, గాలి ఆడాలి. దేవదారు, పైన్ చెక్కపొట్టు వద్దే వద్దు. ఆ నూనెల ఘాటు సాలీళ్లకు విషం. చలిదేశాల బురదనేలల నుంచి తవ్వే పీట్ కూడా పనికివస్తుంది. కాని ఏడాదికి సుమారు మిల్లీమీటరు పెరిగే పొరను తవ్వి తేవడం కన్నా, కాయ వలిచాక మిగిలే పొట్టు వాడడం నాకు ధర్మంగా తోస్తుంది.

మిత్రమా, నేలపై మమకారం మీకే కాదు, నాకూ ఉంది. అది పొట్లంలో పట్టదంటాను, అంతే. 2008లో ఈ సాలీడును అంతరించే అంచున ఉన్న జాతిగా ప్రకటించారు. అది బతికే అడవి నూరు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 2019లో అంతర్జాతీయ వ్యాపార ఒప్పందపు రెండవ జాబితాలోకి ఎక్కింది. మనం మన్ను పంపే సంగతి మాట్లాడుకుంటుండగా వంటచెరకు కోసం, కలప కోసం అక్కడ తొర్ర చెట్లు కూలుతున్నాయి. తొర్ర పడాలంటే చెట్టు ముసలిదవాలి. పుట్టిన చోటుపై ప్రేమ ఉన్నవారు ఆ ముసలి చెట్టును నిలబెట్టమని అడగండి. ఆ పని మీరు మొదలుపెడితే, మీ వెనుక నేను నడుస్తాను.