పిల్లోని చేతికి సీసా ఎవరిచ్చినారు?

తొమ్మిదో తరగతి పిల్లోడు మధ్యాహ్నం బడికి తాగి వచ్చినాడు. తోటి పిల్లోళ్లు నవ్వినారు. అయివారు బెత్తం తీసినాడు. మరుసటి రోజు నుంచి వాడు బడికి రాలేదు. నెల తిరక్కుండానే బేల్దారి పనిలో ఇసుక మోస్తా కనిపించినాడు.

ఆ బెత్తం తీసిన అయివారిని నేనే. మా యింట్లో మొదట డిగ్రీ చదివినోణ్ణి. బడి మానితే మన పిల్లోళ్ల బతుకు ఏమవుతుందో తెలిసినోణ్ణి. అయినా ఆ రోజు "ఏమైంది నాయనా?" అని ఒక్క మాట అడగలేదు.

వాళ్లమ్మ తర్వాత చెప్పింది. రాత్రిళ్లు తండ్రి తాగొచ్చి తల్లిని కొడుతుంటే పిల్లోడు అడ్డం పోయేవాడు. నిద్ర పోక నెలరోజులైంది. ఎవరితోనూ పలికేవాడు కాదు. తండ్రికి సీసా తెచ్చిచ్చే పనీ వానిదే. దారిలో రెండు గుక్కలు తాగితే ఆ రాత్రి కన్ను మూతపడింది. అట్లా మొదలైంది.

వాడు చెడిపోయిన పిల్లోడు కాదు, దెబ్బ తిన్న పిల్లోడు. దెబ్బ కనపడలేదు, వాసన మాత్రం కనిపెట్టినాం.

తాగుడు మాలపల్లె, మాదిగపల్లెల గుణమని నోరు పారేసుకునే పెద్దమనుషులు ఉన్నారు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 1.3 మంది మద్యం వాడుతున్నారు. ఇది ఒక్క కులం లెక్క కాదు. ఊర్లో పెద్దింటి పిల్లోడు తాగితే "వయసు చిలిపితనం". మన పిల్లోడు తాగితే "కులబుద్ధి". వానికి పట్నంలో హాస్టలు, వీనికి టీసీ. ఇదేం న్యాయం?

మానసిక జబ్బుల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వయసులో మెదడు ఇంకా ఎదుగుతా ఉంటుంది. మందు గంటసేపు దిగులు మరిపిస్తుంది. తెల్లారితే అదే దిగులు రెండింతలై కూర్చుంటుంది. నిద్ర చెడుతుంది, చదివింది నిలవదు. అది పోగొట్టుకోను మళ్లీ సీసా. ఎంత చిన్న వయసులో మొదలైతే వ్యసనం అంత గట్టిగా పట్టుకుంటుంది.

మరి సీసా ఎవరిచ్చినారు? వాడ సందులో బెల్టు షాపు పెట్టినోడు ఇచ్చినాడు. చీనీ తోటలో, నాపరాయి గనిలో కూలి లెక్క తేల్చకుండా మందు పోసే మేస్త్రీ ఇచ్చినాడు. పులివెందులయితేనేం, జమ్మలమడుగయితేనేం, ఎన్నికలొస్తే ఒక చేతికి జెండా, ఒక చేతికి సీసా ఇచ్చి జీపెక్కించే నాయకుడు ఇచ్చినాడు. "పోయి తీసుకురారా" అని కొడుకును పంపిన మనమూ ఇచ్చినాం. ఈ మాట చేదే. అయినా చెప్పక తప్పదు.

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనోళ్లకు మద్యం అమ్మకూడదు. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షను ప్రకారం పిల్లలకు మద్యం ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పిల్లలతో మద్యం మోయించినా, అమ్మించినా 78వ సెక్షను కింద నేరమే. చట్టం నేరస్తుడన్నది పిల్లోణ్ణి కాదు, ఇచ్చినోణ్ణి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడోళ్లు, రోశమ్మ లాంటోళ్లు, సారా అంగడి మూయించినారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినాయి. 1997లో ఎత్తేసినారు. 2019లో అంగళ్లు సర్కారు చేతికి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతికి పోయినాయి. బోర్డులు మారినాయి గానీ వాడకు సీసా రావడం ఆగలేదు. ఆడోళ్లు కదిలితేనే సర్కారు కదిలిందని ఆ చరిత్ర చెబుతోంది.

వల్లూరు మండలంలో ప్రతి వాడా ఈ పని మొదలుపెట్టాల. పిల్లోళ్లతో సీసా తెప్పించబోమని కూడలిలో మాట అనుకోవాల. బెల్టు షాపు ఉంటే ఆడోళ్లు, సంఘమోళ్లు కలిసి రాతపూర్వకంగా ఎక్సైజు, పోలీసు స్టేషన్లలో ఇచ్చి రసీదు తీసుకోవాల. బడిలో తాగిన పిల్లోని పేరు కొట్టేస్తామంటే తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకోకూడదు. పిల్లోడు అన్నం సరిగా తినకున్నా, నిద్ర పోకున్నా, ఒంటరిగా కూర్చున్నా పక్కన కూర్చొని అడగండి. "చచ్చిపోతే బాగుండు" అన్నాడంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే ఫోను చేయొచ్చు. పిల్లల సాయానికి 1098 ఉంది. మనసుకు వైద్యమంటే పిచ్చి కాదు, జ్వరానికి పోయినట్లే.

నేను ఆ పిల్లోని ఇంటికి మూడుసార్లు పోయినాను. మూడోసారి మాట్లాడినాడు. పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టిస్తానన్నాను. ఇంకా ఊ అనలేదు. మళ్లీ పోతాను.

అయివార్లారా, బెత్తం పక్కన పెట్టండి. అమ్మలారా, నాయనలారా, సీసా పక్కన పెట్టండి. మన పిల్లోని చేతిలో ఉండాల్సింది పుస్తకం!